ఒక వేలు ఎక్కువ

నా భర్త పోయిన ఎనిమిదో నెలలో, ఒక ఆదివారం పొద్దున, రైఫిల్ క్లబ్బు కోచ్ మా ఇంటికి వచ్చింది. ఆమె ఊరిగాంలో ముప్పై ఏళ్లు బడిపిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన మనిషి. ఊళ్లో సగం మంది ఆమెను మిస్ అనే పిలుస్తారు. యాభై రెండేళ్లు వచ్చినా నేనూ అలాగే పిలుస్తాను. ఆమె కాఫీ తాగి, మా మామగారి మోకాళ్ల నొప్పి గురించి విని, గ్లాసు కింద పెట్టి, వచ్చిన పని చెప్పింది.

"టీమ్‌లో ఒక సీటు ఖాలీగా ఉండాది మా. నలుగురు కావాల, ముగ్గురే ఉండారు. సుగటూరు అన్న ఆడతానంటా ఉండాడు. రైఫిల్ నువ్వు అమ్మేదుంటే అది కూడా ఆయనే తీసుకుంటాడంట. నిన్ను అడక్కుండా మాటిచ్చేది బాగుండదని వచ్చినా."

జిల్లాలోని క్లబ్బుల మధ్య ఏటా ఒక పోటీ జరుగుతుంది. పది మీటర్ల దూరం, ఎయిర్ రైఫిల్, క్లబ్బుకు నలుగురు. మా క్లబ్బు నలుగురిలో నా భర్త ఒకడు. ఖాళీగా ఉన్న సీటు ఆయనది. సుగటూరు అన్న అంటే సుగటూరులో మామిడితోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్న రైతు. ప్రతి ఆదివారం బండి మీద వచ్చి కాల్చి వెళ్తాడు. చాలా ఏళ్లుగా ఐదోవాడిగానే మిగిలిపోయాడు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు.

రైఫిల్ మంచం కింద పెట్టెలో ఉంది. ఎనిమిది నెలలుగా నేను ఆ పెట్టె చుట్టూ ఊడుస్తున్నాను తప్ప మూత తీయలేదు.

"రైఫిల్ అమ్మేదిలేదు మిస్" అన్నాను. అంతవరకే అనాలనుకున్నాను. "సీటు కూడా ఆయనకి ఇయ్యద్దు. నేను ఆడతాను."

మామ చదువుతున్న పేపరు మడిచాడు. మిస్ నవ్వలేదు.

"ఎప్పుడన్నా కాల్చినావా?"

"చిన్నప్పుడు బూదికోటలో రాగి చేను కాడ వడిసెలతో పక్షుల్ని తోలినా."

"అది రాయి మా."

"గురి గురే కదా మిస్."

"ఏమప్పా, నీ కోడలు నాకే పాఠం చెప్తాది" అని ఆమె మామ వైపు తిరిగింది. తర్వాత నాతో నెమ్మదిగా చెప్పింది. "నీ మొగుడి సీటని సుమ్నె, ఊరికే, నీకు ఇచ్చేదానికి కాదు. మూడు నెలలు టైం ఇస్తాను. ట్రయల్ పెడతాను. నువ్వు ఇరవై షాట్లు, సుగటూరు అన్న ఇరవై షాట్లు. ఎవురికి ఎక్కువొస్తే సీటు వాళ్లది. సరేనా?"

సరే అన్నాను.

ఎందుకు అడిగానో ఆ రోజు చెప్పలేకపోయాను. ఆయన జ్ఞాపకం కోసమని అందరూ అనుకున్నారు. అది నిజం కాదు. ఆ ఎనిమిది నెలల్లో నాకు ఏదీ కావాలనిపించలేదు. ఏ కూర వండాలన్నా, ఏ చీర కట్టాలన్నా చేతికి అందిందే తీసుకున్నాను. నేను పీయూ కాలేజీ, అంటే ఇంటర్ కాలేజీ, లైబ్రరీలో పనిచేస్తాను. కొత్త పుస్తకాల పెట్టెలు వస్తే మొదట విప్పేది నేనే. ఆ ఏడు వాటిని కూడా విప్పలేదు. సీటు ఇంకొకరికి పోతుందని వినగానే ఒళ్లు మండింది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి నాకొకటి కావాలనిపించింది. అది చాలు అనుకున్నాను.

ముందు రైఫిల్ ఏదో తేలాలి.

"మీ ఆయనది ఇప్పుడే తీయద్దు" అంది మిస్. "రైఫిల్ అంటే చెప్పు మాదిరి మా. ఇంగొకరి కాలికి కుట్టింది నీకు కరుస్తాది. నాలుగు రకాలు పట్టి చూడు. తర్వాత చెప్పు."

మా క్లబ్బు బంగారు గని కంపెనీ కాలం నాటి ఒక పాత హాల్లో నడుస్తుంది. పైన రేకులు, కింద చెక్క నేల, ఒక చివర ఐదు గురి పెట్టెలు. ఆదివారం పక్కనున్న చర్చిలో పాటలు అయిపోయాక ఇక్కడ తుపాకులు మొదలవుతాయి. ఎయిర్ రైఫిల్ చప్పుడు పెద్దదేమీ కాదు. చెక్క పెట్టె మూత గట్టిగా వేసినట్టు ఉంటుంది.

మొదట క్లబ్బు రైఫిల్ ఇచ్చారు. గొట్టాన్ని మధ్యకి విరిచి, పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు పెట్టి, మళ్లీ మూసే రకం. లోపల గట్టి స్ప్రింగు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ స్ప్రింగు ముందుకు దూకుతుంది, దాంతో తుపాకి కూడా అదురుతుంది. పెల్లెట్ గొట్టం దాటేలోపు గురి కదిలిపోతుంది. ఇరవై షాట్లకు రెండు వందలు గరిష్ఠం. నాకు నూట ఇరవై ఒకటి వచ్చాయి. భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది.

సుగటూరు అన్నకు లైసెన్సున్న పాయింట్ ట్వంటీటూ రైఫిల్ ఉంది. నేను పోటీ మనిషినని తెలిసి కూడా సలహా ఇవ్వకుండా ఉండలేకపోయాడు.

"గాలి తుపాకి తిరునాళ్లలో బెలూన్లు కొట్టేదానికి చెల్లెమ్మా. ట్వంటీటూ పట్టు. అప్పుడు తెలుస్తాది రైఫిలంటే ఏమని."

"మరి నువ్వెందుకన్నా ఈ బెలూన్ల సీటు కోసం అడుగుతా ఉండావు?"

"అది వేరే మాట" అన్నాడు.

ఆయన మాట కొట్టేయకుండా చదివి చూశాను. చదవడం నాకు వచ్చిన పని. పాయింట్ ట్వంటీటూలో మందు నిండిన తూటా ఉంటుంది. దానికి లైసెన్సు కావాలి, పోలీసుల విచారణ కావాలి, కాల్చడానికి యాభై మీటర్ల ఆరుబయటి స్థలం కావాలి. సరదాకి కాల్చేవాళ్లకు, అన్నీ అమరితే, అది మంచి తుపాకే. మా పోటీ పది మీటర్లది, గాలిది. గాలి తుపాకుల్లోనూ రెండు కొలతల పెల్లెట్లు ఉన్నాయి, ఐదున్నర మిల్లీమీటర్లవి, నాలుగున్నర మిల్లీమీటర్లవి. పెద్దది బరువైన దెబ్బ కొడుతుంది. కాగితానికి దెబ్బతో పని లేదు. చిన్నది తిన్నగా పోతుంది, దాని చదును తల కాగితాన్ని గుండ్రంగా కోస్తుంది, గీత దగ్గర పడినప్పుడు తొమ్మిదా పదా అని తగువు ఉండదు. కాబట్టి నాకు కావలసింది చిన్న పెల్లెట్ తుపాకి. లోపల స్ప్రింగు దూకనిది. అంతవరకు తేలింది.

ఒక శనివారం రైలెక్కి బెంగళూరులో తుపాకుల కొట్టుకి వెళ్లాను. కొత్త రకాలు చూపించారు. కింద చిన్న సిలిండరు, అందులో ముందే నింపిన గాలి. భుజానికి ఆనే వెనక భాగాన్ని, అంటే మడమను, మర తిప్పి ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. కొట్టతను తుపాకి మడమను నా మోచేతి మడతలో పెట్టి, చేతిని ముందుకు చాపమన్నాడు.

"వేలు ట్రిగ్గర్ మీదికి తేలిగ్గా రావాలి మేడం. అందకపోతే మీకు పొడుగు. దాటిపోతే పొట్టి. ఇంకేం చూడొద్దు."

మర తిప్పి నా చేతికి సరిచేసి ఇచ్చాడు. పట్టుకుంటే చెంప దానంతట అదే చెక్క మీద ఆనింది, కన్ను దానంతట అదే గురి చూసే రంధ్రం వెనక్కి వచ్చింది. అంతవరకు గురి కుదరకపోవడం నా అసమర్థత అనుకున్నాను. ధర చెప్పాడు. నా జీతానికి అది కుదిరేది కాదు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రమే మంచం కింది పెట్టె లాగి మూత తీశాను. నూనె వాసన వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకరిద్దరు ఆయన ఈ రైఫిల్‌లోనే ఉన్నాడని అన్నారు. ఆ మాట నాకు అప్పుడూ నచ్చలేదు. రైఫిల్‌లో ఉన్నది ఇనుము, చెక్క, కొంచెం నూనె.

మడమను మోచేతి మడతలో పెట్టుకుని చేయి చాపాను. నా వేలు ట్రిగ్గర్‌కు రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. నా భర్త ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం కింద వరకే వస్తాను.

తక్కినదంతా బాగుంది. పక్కనున్న లీవరును ఒక్కసారి లాగితే గాలి నిండుతుంది. స్ప్రింగు లేదు, అదురు లేదు. చిన్న పెల్లెట్. ట్రిగ్గర్ ఎక్కడ తెగుతుందో వేలికి ముందే తెలుస్తుంది. పాతదే గానీ, నేను చూసిన అన్నింటిలో నా పనికి సరైన తుపాకి అదే. రెండు వేళ్లు కోస్తే నాదవుతుంది. కోస్తే మళ్లీ అతకదు.

తెలిసినవాళ్లు వద్దన్నారు. ఆయన వస్తువు, అట్లే పెట్టుకో, కావాలంటే ఇంకోటి చూసుకో అన్నారు. మా మామ మాత్రం పడమటింటి గడపలో నిలబడి ఒకటే అడిగాడు.

"యాడికి కోయాల?"

మా మామకు ఎనభై ఒకటి. వాళ్ల నాన్న పలమనేరు పక్క నుంచి గని పనికి వచ్చినవాడు. మామ ముప్పై నాలుగేళ్లు అండర్‌గ్రౌండ్‌లో టింబర్‌మన్‌గా చేశాడు. తవ్విన చోట పైరాయి కూలకుండా దుంగలు కోసి నిలబెట్టే పని. ఆ ముప్పై నాలుగేళ్లలో ఆయన నిలబెట్టిన దుంగ ఒక్కటీ పడలేదని మా లైన్లో, అంటే గని కార్మికుల ఇళ్ల వరసలో, ఇప్పటికీ చెప్పుకుంటారు. కొడుకు పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో అవసరానికి మించి మాట్లాడుకోలేదు. ఎవరు ఏడిస్తే రెండోవాళ్లు పక్కగదిలోకి వెళ్లేవాళ్లం.

"రెండు వేళ్లు మామా" అని నా వేళ్లు ఆనించి చూపించాను. ఆయన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు.

మర్నాడు నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి పని అయిపోయింది. చెక్కను గొట్టం నుంచి విడదీసి, చివరి రబ్బరు పలక ఊడదీసి, కోసి, ఆకురాయితో నునుపు చేసి, కొత్త రంధ్రాలు పెట్టి పలకను మళ్లీ బిగించాడు. కోత ఎక్కడుందో వెతికినా కనిపించలేదు. పట్టి చూశాను. మునుపటి కంటే ఎంతో నయంగా ఉంది. కొలిచి చూడలేదు. మా ఇళ్లల్లో టింబర్‌మన్ కోసినదాన్ని ఎవరూ మళ్లీ కొలవరు. ఒక షిఫ్టులో యాభై మంది ఆయన కోత కిందే కూర్చుని అన్నం తిన్నారు.

అప్పటి నుంచి వారానికి నాలుగు సాయంత్రాలు ప్రాక్టీసు. ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనించాలి. సగం ఊపిరి వదిలి ఆపాలి. వెనక రంధ్రం, ముందు వలయం, నల్లటి చుక్క ఒకదాని మధ్య ఒకటి కూర్చోవాలి. కూర్చున్న క్షణంలో వేలు పని వేలు చేయాలి. నాకు అది నచ్చింది. ఊపిరి ఆపిన ఆ ఎనిమిది సెకన్లలో ఇంకేదీ తలలోకి రాదు.

మొదటి పది షాట్లకు ఎనభై మూడు, ఎనభై నాలుగు వచ్చేవి. రెండో పదికి అరవై తొమ్మిది, డెబ్బై. ప్రతిసారీ అంతే. పదకొండో షాటు నుంచి పెల్లెట్లు కిందికి జారేవి.

"పది దాకా మీ ఆయన మాదిరి కొడతావు చెల్లెమ్మా" అన్నాడు సుగటూరు అన్న. "పదకొండు నుంచి మా ఎద్దు కొట్టినట్ల ఉంటాది."

"మీ ఎద్దుకి ఎంతొస్తాదన్నా?"

"నీకంటే రెండు తక్కువ. అదీ నేను పక్కనుంటే."

మిస్ నవ్వేది కాదు. ఒక రోజు నన్ను బయటికి తీసుకెళ్లి అరుగు మీద కూర్చోబెట్టింది. "మనసు మా. సగం దాకా నిలబడతాది, తర్వాత ఆయన గుర్తొస్తాడు. అది తప్పు కాదు. కొంచెం రోజులు పోనీ. వచ్చే ఏడు చూద్దాం."

నాకూ అదే నిజమనిపించింది. పదకొండో షాటు దగ్గర నిజంగానే ఆయన గుర్తొచ్చేవాడు. షాటు చెడ్డాక గుర్తొచ్చేవాడా, గుర్తొచ్చి షాటు చెడేదా అని నేను చూసుకోలేదు. మా లైబ్రరీలో దుఃఖం గురించిన పుస్తకాలు రెండున్నాయి. రెండూ మళ్లీ చదివాను. రెండూ మంచి పుస్తకాలే. కానీ ప్రాక్టీసు అయిన ప్రతి రాత్రీ నాకు మెడ కుడివైపు లాగేది, వేడినీళ్ల గుడ్డ వేసుకునేదాన్ని. దాని గురించి ఏ పుస్తకంలోనూ లేదు. నేనూ దాన్ని వయసు ఖాతాలో వేశాను.

ట్రయల్ ఇంకా పద్దెనిమిది రోజులుందనగా ఒక పొద్దున ఇల్లు ఊడుస్తున్నాను. సీటు వదులుకుంటానని ఆ సాయంత్రం మిస్‌తో చెప్పాలని అప్పటికే నిర్ణయించుకున్నాను. మామ పేపరు చదివే బల్ల కొన్నాళ్లుగా ఊగడం మానేసింది. చీపురు దాని కాలికి తగిలింది. కాలి కింద గోధుమరంగు చెక్కముక్క ఒకటి దిగ్గొట్టి ఉంది. నునుపుగా, వంపుగా. రైఫిల్ నుంచి కోసిన ముక్క.

వంగి దాని పక్కన వేలు పెట్టాను. ముక్క మందం సరిగ్గా ఒక వేలు.

నేను కోయమన్నది రెండు.

రైఫిల్ తెచ్చి మడమను మోచేతి మడతలో పెట్టుకున్నాను. నెల తర్వాత మొదటిసారి కొలిచాను. వేలు ట్రిగ్గర్‌కు ఇంకా ఒక వేలు దూరంలో ఉంది. మిగిలిన ఆ ఒక్క వేలు కోసం నెల రోజులుగా ప్రతి షాటుకూ మెడ సాచి, భుజం వెనక్కి నెట్టి కాలుస్తున్నాను. పది షాట్ల దాకా మెడ ఓర్చుకుంటుంది. తర్వాత ఓర్చుకోదు. కారణాన్ని అందరం నాలో వెతికాం. చెక్కలో ఎవరూ వెతకలేదు.

మామ పెరట్లో బట్టలు ఆరేస్తున్నాడు.

"మామా, ఒక వేలే కోసినారు."

"ఊఁ."

"రెండు చెప్పినా కదా."

"రెండు చెప్పినావు. ఒకటి కోసినా." ఆయన గొంతులో తడబాటు లేదు.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "మనసు రాలేదా మామా? ఆయనది కోసేదానికి?"

ఆయన తడిచొక్కా దండెం మీద వేసి నా వైపు తిరిగాడు. కోపం వచ్చింది.

"ఏమ్మా, మనసని ఎవురు చెప్పినారు నీకు? వాడికోసం ఏడ్చినా. నువ్వు చూసినావు. రంపం పట్టినాక ఇంగ కొలతే. ఎవురు కొలిచిచ్చినా ఒక వేలు ఎక్కువ పెట్టి కోస్తాం. పొట్టిగా కోసినామంటే ఆ దుంగ దేనికీ రాదు. రాయికి ఆనదు. కింద మనుషులుంటారు. పొడుగు కోసి, చీల దిగ్గొట్టి నిలబెడితే, పైన రాయి దిగి దిగి దుంగని నలుపుతాది. నాలుగు దినాల్లో దానంతట అదే సైజుకొస్తాది."

"ఇది రైఫిల్ మామా" అన్నాను. "దీని మీదికి ఏ రాయీ దిగదు. నెల నుంచి నలగతా ఉండేది నా మెడ."

ఆయన కాసేపు నన్ను చూశాడు. తర్వాత రైఫిల్‌ను, తర్వాత నా చేతిని. రైఫిల్ తీసుకుని ఆయనే నా మోచేతిలో పెట్టి, నా వేలుకీ ట్రిగ్గర్‌కీ మధ్య తన చూపుడు వేలు ఆనించాడు. అది అక్కడ సరిగ్గా పట్టింది.

"అయ్యో" అన్నాడు. "థూ. నాకు బుద్ధుండాదా."

నాకు నవ్వొచ్చింది. ఎంతకీ ఆగలేదు. ఆయన ముందు బిత్తరపోయాడు, తర్వాత ఆయనా మొదలుపెట్టాడు. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూశారు. మా ఇంట్లో నవ్వు వాళ్లకు వినిపించి చాలా కాలమైంది.

ఈసారి నేను లైబ్రరీకి సెలవు పెట్టి దగ్గరే ఉన్నాను. చెక్కను బల్ల మీద బిగించి, చుట్టూ గీత గీశాడు. రంపం ఎత్తి, గీత దగ్గర పెట్టి, వెనక్కి తీసుకున్నాడు.

"నా సర్వీసులో పొట్టిగా కోసింది లేదమ్మా."

"పొట్టిగా కాదు మామా. సరిగ్గా."

"సరిగ్గా అంటే పొట్టిదే." మళ్లీ రంపం పెట్టాడు. "గీతకి ఈ పక్కనా, ఆ పక్కనా?"

"గీత మీదే."

"గీత మీద" అని తనలో తాను అనుకున్నాడు. నేను చెక్క కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన రంపం లాగాడు. పొడి నా మణికట్టు మీద పడింది, ముక్క తెగి కింద పడింది. పలక బిగించి చేతికిచ్చాడు. భుజానికి ఎత్తాను. చెంప ఆనింది, కన్ను రంధ్రం వెనక్కి వచ్చింది, మెడ ఎక్కడిదక్కడ ఉంది. బెంగళూరు కొట్టులో ఎలా ఉందో అలా ఉంది. ఇది నాది.

ఆ సాయంత్రం మొదటి పదికి ఎనభై ఐదు. రెండో పదికి ఎనభై ఆరు. మిస్ కార్డులు రెండుసార్లు లెక్కపెట్టింది. మనసు సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. నేను జరిగింది చెబితే అరుగు మీద కూర్చుని, "ఒక వేలా? ఒక వేలు కోసమా నీకు నేను అంత ఉపదేశం చేసినా?" అని నుదురు కొట్టుకుంది.

మిగిలిన రోజుల్లో ఒక్క సాయంత్రం కూడా మానలేదు.

ట్రయల్ రోజు ఆదివారం. చర్చిలో పాటలు అయిపోయేదాకా ఆగి మొదలుపెట్టాం. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. క్లబ్బులోకి ఆయన రావడం అదే మొదటిసారి. సుగటూరు అన్న నా పక్క వరసలో నిలబడ్డాడు.

"ఓడిపోతే ఏడవద్దు చెల్లెమ్మా."

"నువ్వు గుడ్డ తెచ్చుకున్నావా అన్నా?"

"షూటింగ్ లైన్లో మాటలొద్దు" అని మిస్ కసిరింది.

ఆయన మంచి షూటర్. పట్టుగూళ్లు ఏరిన చేతులు, తొందరపడవు. మొదటి పది అయ్యేసరికి ఆయనకు ఎనభై ఎనిమిది, నాకు ఎనభై ఏడు. నేను ఆయన కార్డు వైపు చూడకూడదనుకుని చూశాను.

పదకొండో షాటు. మెడ ఉందన్న సంగతే గుర్తు రాలేదు. నా భర్త గుర్తొచ్చాడు. నాకు అడ్డం రాలేదు. నల్లచుక్క వలయం మధ్య నిలబడింది, వేలు పని వేలు చేసింది. పది.

పన్నెండు, తొమ్మిది. పదమూడు, ఏడు. ఆ ఏడు పూర్తిగా నా తప్పు. గురి కదులుతున్నా పట్టుదలకు పోయి నొక్కాను. రైఫిల్ స్టాండు మీద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, కాసేపు నేల వైపు చూశాను. చెక్క నేల మీద ఎన్నో ఏళ్ల పాదాల అరుగుదల ఉంది. ఏడు పోయింది, ఇంకా ఏడు షాట్లున్నాయి. మళ్లీ ఎత్తాను. తొమ్మిది. పది. తొమ్మిది. ఎనిమిది. తొమ్మిది.

పంతొమ్మిదో షాటుకు రెండుసార్లు ఎత్తి, నచ్చక దించాను. అప్పటికే సుగటూరు అన్న ఇరవై పూర్తిచేసి వెనక్కి జరిగాడు. నేను తొందరపడలేదు. ఆ గదిలో ఉన్న సమయమంతా నాదే అనిపించింది. మూడోసారి ఎత్తినప్పుడు చుక్క రాయిలా నిలబడింది. తొమ్మిది. ఇరవయ్యో షాటు విడిచాక, అది ఎక్కడ పడిందో కార్డు చూడకుండానే తెలిసింది. పది.

మిస్ కార్డులు బల్ల మీద పరిచి, గట్టిగా కూడింది. తర్వాత కింది నుంచి పైకి మళ్లీ కూడింది.

"సుగటూరు, నూట డెబ్బై నాలుగు." నా వైపు చూసింది. "నువ్వు నూట డెబ్బై ఏడు. సీటు నీది మా."

నేను అరిచాను. ఏమని అరిచానో తెలియదు. లైబ్రరీలో ముప్పై ఏళ్లు మెల్లగా మాట్లాడిన గొంతు అంత పెద్దగా రావడం నాకే ఆశ్చర్యం. మామ బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

సుగటూరు అన్న నా చేయి గట్టిగా పట్టి ఊపాడు. మొహం చిన్నబోయింది గానీ నోరు మాత్రం చిన్నబోలేదు. "ఏమప్పా పెద్దాయనా" అన్నాడు మామతో, "నాకూ ఏమన్నా కోసి పెట్టు, వచ్చే ఏడు గెలుస్తా."

"నీకు కోయాల్సింది నాలిక" అన్నాడు మామ.

అందరం నవ్వాం. మిస్ రిజిస్టరు తీసి టీమ్ పేజీలో నాలుగో గీత మీద నా పేరు రాసింది. పక్కన నిలబడి రాయడం పూర్తయ్యేదాకా చూశాను.

మా ఇల్లు అక్కడి నుంచి పది నిమిషాల నడక. ఆ రోజు గంట పైనే పట్టింది. లైన్లో గుమ్మం ముందు ఎవరు కనబడితే వాళ్ల దగ్గర మామ ఆగాడు. "మా కోడలు టీమ్‌లో ఉండాది. ఇప్పుడే గెలిచినాది." కొందరికి టీమ్ అంటే ఏమిటో తెలియదు. వాళ్లకు నిలబడి మొదటి నుంచి చెప్పాడు. రైఫిల్ పెట్టె నా భుజం మీద బరువుగా ఉంది. దించమని ఎవరూ అనలేదు, నేనూ దించలేదు.

చివరి ఇంటి ముందు ఒక పెద్దావిడ బియ్యం ఏరుతోంది. నా భర్త పోయినప్పటి నుంచి ఆమె నన్ను చూడగానే మొహం దిగులుగా పెట్టుకునేది. ఆ రోజు కూడా పెట్టుకోబోయింది. మామ నోరు తెరిచేలోపు నేనే చెప్పాను.

"సీటు నాకే వచ్చిందక్కా. నేను గెలిచినా."

ఆమె చేట పక్కన పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, "అట్లయితే బయట నిలబడేదేమి, లోపలికి రా, అన్నం తిందువు" అంది. లోపల పప్పు వేడిగా ఉంది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.